కేరాఫ్ జోజయ్య ప్రెస్సు

రెండొందల కాపీలు వేయించాను 'తూము' పత్రిక.
నూట అరవై ఏడు మంచం కిందే ఉండిపోయాయి.
గవర్నరుపేటలో ఎలకలకు కూడా
సాహిత్యం మీద పెద్ద ఆసక్తి లేదని తెలిసింది.

జోజయ్య మెషీను నూనె చేతులకి తుడుచుకుంటూ అన్నాడు:
"నలుగురి పెళ్ళిళ్ళకీ వెళ్ళొచ్చుండాలమ్మా.
ఎవరి గడపా తొక్కకుండా
నీ పందిట్లో కుర్చీలెవరు నింపుతారు?"

సరే అనుకుని వంద పోస్టుకార్డులు కొన్నాను.
తెనాలి పత్రికకి, బాపట్ల పత్రికకి,
ఏలూరు రోడ్డు పాత పుస్తకాల కొట్లో
కిలో లెక్కన దొరికిన ప్రతి కవిత్వానికీ
రోజుకి అయిదు చొప్పున రాశాను.
"మీ కవిత కదిలించింది."
"మీ కలం పదును అమోఘం."
"మీ నది నా గుండెల్లో పారింది."
కింద నా పేరు.
పేరు కింద, 'తూము' సంపాదకురాలు.
దాని కింద చిరునామా, కేరాఫ్ జోజయ్య ప్రెస్సు,
పొగడ్త కంటే కొంచెం పెద్ద అక్షరాల్లో.

నోటుపుస్తకంలో రెండు గళ్ళు గీశాను.
వెళ్ళినవి. వచ్చినవి.
మా అమ్మ చదివింపుల పద్దు రాసుకున్నట్టే:
ఎవరు స్టీలు గిన్నె పెట్టారో
ఎవరు ఉత్త చేతులతో వచ్చి
రెండోసారి పెరుగడిగారో.

నెల దాటినా రెండో గడి తెల్లగానే ఉంది.
అప్పుడొక కార్డొచ్చింది,
నీలం సిరా, గిలకల్లాంటి గుండ్రటి అక్షరాలు:

"అమ్మా, నా పుస్తకంలో నది లేదు.
ఉన్నది కాలవ. రెండూ ఒకటి కాదు.
నది దాని ఇష్టం. కాలవ మనం వదిలినంత.
తీరికైనప్పుడు చదివి రాయండి. తొందర లేదు.
ఇట్లు, నాంచారయ్య, రిటైర్డు లస్కరు, బందరు కాలవ."

చెంప మీద కొట్టినా
అంత మర్యాదగా ఎవరూ కొట్టరు.

ఆ రాత్రి పుస్తకం తీశాను.
రెండు పేజీలు ఇంకా అతుక్కునే ఉన్నాయి.
స్కేలు పెట్టి కోశాను.
కాలవ కట్టేసిన వేసవిలో
బురదలో దొరికిన వస్తువులు ఒక కవిత:
సైకిలు బెల్లు,
మట్టి దేవుడి చెయ్యి,
ఇత్తడి చెంబు, మూతి సొట్ట,
చిన్నపిల్ల పట్టీలు, జత.
పట్టీల దగ్గర కవిత ఆగిపోయింది.
తర్వాత ఆయనేమీ రాయలేదు.
నేను చాలాసేపు అక్కడే ఉన్నాను.

మర్నాడు కార్డు చాల్లేదు. ఇన్‌లాండు లెటరు కొన్నాను.
పట్టీలు ఎవరికిచ్చారని అడిగాను.
పదో పేజీలో ఒక మాట ఎక్కువైందని పోట్లాడాను.
రైవస్ కాలవలో నా పలక పడిపోయిన సంగతి
ఎవరడిగారని, అదీ చెప్పాను.
మడత అంటించి డబ్బాలో వేశాక గుర్తొచ్చింది,
చిరునామా రాయలేదు.
పేరు కూడా లేదు.
పత్రిక ఊసే ఎత్తలేదు.

పది రోజులకి ప్రెస్సు ముందు సైకిలాగింది.
భుజాన తువ్వాలు, చేతిలో నా రెండు ఉత్తరాలు.
"అక్షరాలు పోల్చి చూశాను, చెయ్యి ఒకటే.
మనిషే ఒకరిలా లేరు" అన్నాడు నాంచారయ్య.

జోజయ్య టీకి పంపాడు.
పట్టీలేమయ్యాయి, మళ్ళీ అడిగాను.
"నా దగ్గరే ఉన్నాయి.
ఇన్నేళ్ళలో అడిగింది నువ్వొక్కదానివే."
టీ చల్లారిపోయింది.

పోతూ మూడు 'తూము'లు తీసుకున్నాడు.
డబ్బులొద్దంటే వినలేదు.
"ఊరికే ఇస్తే ఊరికే చదువుతారు" అని
టైపు కేసు మీద ఆరు రూపాయలు పెట్టాడు.

మంచం కింద నూట అరవై నాలుగు.
గళ్ళు కొట్టేశానంటే అబద్ధం, ఇంకా ఉన్నాయి.
తెనాలి వాళ్ళు జవాబివ్వలేదని కోపమూ ఉంది.
మొన్న రాత్రి తిడదామనే వాళ్ళ పత్రిక తీశాను.
ఏడో పేజీలో ఎవరో తాపీమేస్త్రీ
తడి ఇటుక బరువు గురించి రాశాడు.

లైటార్పడం మర్చిపోయాను.