టైర్ల మీద రైలు

కట్టంగూరు దాటినంక, నడిరాత్రి,
లెక్కకు రానన్ని చక్రాల ట్రాలీ
మా పంచరు కొట్టు ముందర ఆగింది.
మీద నీలి టార్పాలిన్ కప్పుకొని
పట్టాలెరుగని మెట్రో పెట్టె.

నాయిన జానయ్య జాకీ పెట్టుకుంట
"రైలుకు పంచరేందిర బై" అని నవ్విండు.
డ్రైవరుకు నవ్వు రాలే.
ఓడ దిగి పదకొండు రోజులాయె.

చిరుగుల కెల్లి టార్చి కొట్టి చూసిన.
ప్లాస్టిక్ తొడుగు ఇప్పని సీట్లు.
రోడ్డు మీద లారీ ఉరికినప్పుడల్ల
ఎవ్వరు పట్టని పిడులు ఊగుతున్నయి.

నాలుగేండ్లకు అమీర్‌పేటల ఎక్కిన.
కూసునే జాగ లేదు, పిడి దొరికింది.
కింద ఇనుము మీద ఇనుము.
గాలితోని పనే లేదు దానికి.

అయినా స్టేషన్ స్టేషనుకు
నా చెవి
సుయ్‌మనే చప్పుడు కోసం
కిందికి వంగుతనే ఉంది.