మూడు షేర్ల ఆసామి

రువీల పొద్దుగాల ఏడూ ముప్పావుకు
బొంబాయిల షేర్ల బజారు తెరుస్తరు.
అప్పటికే నేను రెండు దిష్‌దాషాలకు
మెడపట్టీలు తిప్పి, కుచ్చు కుట్టి ఉంట.

ఫోన్ల బ్యాంకు పిల్ల "సార్" అన్నది.
పదకొండేండ్ల సంది ఈడ నన్ను
మాస్టర్ అన్నరు, రఫీక్ అన్నరు,
ఏ రఫీక్, ఇధర్ ఆవ్ అన్నరు.
సార్ అన్నది ఆ పిల్లే.
మూడు ఖాతాలు ఒక్క తాడుకు కడ్తం సార్,
పైసలొక దాంట్ల, షేర్లొక దాంట్ల,
కొనుడు అమ్ముడు నడిమి దాంట్ల,
మీరు బొటనవేలు కదిపితె చాలు అన్నది.

ఇరవై ఆరు సంతకాలు వెట్టిన.
ఇరవై ఏడోది పాత సంతకంతోని కలువలేదని
కాయితాలు మల్ల వాపస్.
కొరియర్‌కు నాలుగు రియాళ్లు,
అది ఎవ్వల లెక్కలకు రాలేదు.

మొదటి బేరం: బట్టల మిల్లు, మూడు షేర్లు.
అదే ఎందుకంటే, నాకెరుకైంది దారమొక్కటే.
ఒక్కోటి నాలుగు వందల పన్నెండు.
మూడింటికి పన్నెండు వందల ముప్పై ఆరని
కటింగ్ టేబుల్ మీద సుద్దతోని రాసిన.
పట్టీ వచ్చింది: పద్నాలుగు వందల పదిహేను.
దలాలీ, దలాలీ మీద పన్ను,
పరదేశంల ఉన్నోడు కొన్నడని పైకి చెప్పినందుకు ఒకటి,
ఇంకా దేనికో రెండు రూపాయల చిల్లర.
సుద్ద తుడిచి మల్ల రాసిన.
మల్ల అంతే అయింది.

గుడ్డ కోస్తె పీలికలు పడ్తయి,
అది నాకు తెలువంది కాదు.
సంకముక్క, మెడముక్క కాళ్ల కాడనే ఉంటయి,
సంచిలకెత్తి దిండ్లల్ల కుక్కుకుంటం.
ఈ పీలికలు ఏ టేబుల్ కింద పడ్తున్నయో!

రూముల చిట్టీ నడిపే ఎల్లేశం
అయిదు శాతం కోస్తడు.
కోసేటప్పుడు మొఖం జూస్తడు,
ఆ దినం చాయ్ పైసలు వాడే ఇస్తడు.
నా పట్టీ జూసి నవ్విండు:
"చారాణా కోడికి బారాణా మసాలా."

ఏప్రిల్ల ఇంకో కోత.
ఖాతాను కాపాడినందుకు ఏడాదికి
ఎనిమిది వందల ఎనభై అయిదు.
మూడు బర్రెలను మేపెటోడు
సాయంత్రం పాలన్న పిండిస్తడు గద!
జులైల పాలు రానే వచ్చినయి,
షేరుకు రెండున్నర, పన్ను పోంగ
మొత్తం ఆరు రూపాయలు.

అమ్ముకుంటనని ఫోన్ చేసిన.
అమ్మినా కోతలున్నయి సార్, అన్నది
వేరే పిల్ల.
మొదటి పిల్ల పేరు కూడ ఈమెకు తెల్వదు.

గప్పుడొచ్చింది, ఆగస్టుల, మిల్లు కాడికెల్లి ఈమెయిల్.
ప్రియమైన వాటాదారుకు.
సభ ఉన్నది, తీర్మానాలున్నయి, మీ ఓటు వెయ్యాలె.
దుకాణంల లైటు ఆర్పి, మిషన్ మీద మోచెయ్యి ఆనిచ్చి
నాలుగు పేజీలు సదివిన.
మా నాయిన సిరిసిల్లల ముప్పై ఏండ్లు
పక్కోని మగ్గాల మీద రాత్రి పాళీ చేసిండు.
ఆసామి అయిత, ఆసామి అయిత అనుకుంటనే
దగ్గుకుంట పోయిండు.
నాలుగో తీర్మానం పెద్దసారు జీతం పెంచుడు.
ఆ అంకెల సున్నాలు వేలు వెట్టి లెక్కవెట్టిన.
వ్యతిరేకం మీద వత్తిన.
మూడు ఓట్లు.

దీనికెంత కోస్తరోనని
వారం దినాలు ఖాతా జూసిన.
ఏం కోయలే.

తీర్మానం నెగ్గింది.
తొంభై తొమ్మిది, చుక్క, తొమ్మిది, తొమ్మిది...
ఆ తొమ్మిదుల అవతల యాడనో నేనున్న.
ఎల్లేశానికి చూపెట్టిన.
చాయ్ ఊదుకుంట చాలాసేపు చూసిండు,
ఆరు రూపాయల సంగతి ఎత్తలేదు.
"వచ్చే ఏప్రిల్ల కడ్తవా మరి?" అన్నడు.
జవాబియ్యలే.
నోట్ల పిన్నులున్నయి,
గల్ల మీద ఇంకా నాలుగు దిష్‌దాషాలున్నయి.