కాజా

జె.సి. రోడ్డులో మా దుకాణానికి
బోర్డు మీద సగం అక్షరాలు రాలిపోయాయి.
కార్లు ఒక చక్రం ఫుట్‌పాత్ మీదికెక్కించి నిలబడతాయి.
నేను సీట్లకు బట్టలు కుడతాను.

హిందూపురంలో మా నాయన రవికెలు కుట్టేవాడు.
"ఒంట్లో అబద్ధమాడనివి రెండేరా,
భుజం ఎముక, తుంటి ఎముక.
టేపు ఆడ పెట్టు. మిగతాదంతా కండ,
ఏడాదికొక మాట చెప్తాది" అనేవాడు.
నేను సీట్లలోకొచ్చాను.
సీటుకు ఎముకలుండవు గదా అనుకున్నాను.

తెల్ల రెక్సిన్ కావాలంటారు, డైమండ్ కుట్టు కావాలంటారు.
వెనక సీట్లోంచి తల పైకెత్తే బకిళ్ళను చూసి
మొహం చిట్లిస్తారు.
"మూసెయ్ మాస్టర్, గుచ్చుకుంటాయి.
వెనకెవరు పెట్టుకుంటారు?"
మూసేశాను.
ఎన్నో లెక్కలేదు.
దారపుండలకైతే లెక్కుంది.

పోయిన శ్రావణంలో ఒక బండిని లాక్కొచ్చారు,
దేవనహళ్ళి దారిలో లారీ వెనక దూరిందట.
ఇన్సూరెన్సు పని అయ్యాక కొత్త కవర్లు వెయ్యాలన్నారు.
ముందు కూర్చున్న ఇద్దరూ
తమ కాళ్ళ మీద నడిచొచ్చి బేరమాడారు.
వెనక కూర్చున్నామె గురించి
వాళ్ళు చెప్పలేదు, నేనడగలేదు.

ముందు బెల్టుల నేత సాగింది,
అంచున మెరుపు తేలింది,
బరువు మోసిన బావితాడు మెరుపు.
వెనక కవరు విప్పాను.
నా కుట్లే. అంగుళానికి ఏడు.
ఒక్కటీ తెగలేదు.
దాని కింద బకిల్,
ఫ్యాక్టరీ వాసన ఇంకా పోనిది,
ఎర్ర మీట మీద ఒక్క వేలిముద్రా లేనిది,
పక్కనే ఎప్పుడో జారిన రూపాయి బిళ్ళ.

కుట్టు తెగలేదంటే దర్జీకి పొగడ్త.
ఆ పూట అన్నం సయించలేదు.

ఇప్పుడు రెక్సిన్ పరచగానే
మొదటి కత్తెర బకిల్ దగ్గరే.
వద్దన్నవాళ్ళకు అడ్వాన్సు తిరిగిచ్చేయమంటాను.
ఓనరు మస్తాన్ గొణుగుతాడు, ఇచ్చేస్తాడు.
పక్క షాపులో మాత్రం బెల్టు లేని ఉత్త నాలుకలమ్ముతారు,
జత నూటయాభై,
బకిల్లో గుచ్చితే బండి అరవదు.
చెప్పేదాని నోరు మూయించడానికి ఎంత చవక!

మొన్న ఇందుమతి అనే అమ్మాయి వచ్చింది, ఏడో నెల.
పై పట్టీ చంక కిందకి తోసింది,
కింది పట్టీ కడుపు మీదికి లాక్కుంది.
"ఊపిరాడదు మాస్టర్, పైగా బిడ్డకు నొక్కుకుంటుంది."
మెడలోని టేపు తీసి ఆమె చేతికే ఇచ్చాను.
కింది పట్టీ కడుపుకింద తల్లీ,
తుంటి ఎముకల మీద, తొడలకు ఆనుకుని.
పై పట్టీ భుజం నడిమి నుంచి,
మెడకు రాచుకోకుండా, రొమ్ముల మధ్యగా, కడుపు పక్కన్నించి.
మెలిక తీసెయ్. వదులు లాగెయ్.
"రవికె కొలతలా ఉందే!" నవ్విందామె.
అవునమ్మా, అదే. మా నాయన కొలత.

నిన్న రాత్రి బస్సు తప్పిపోయి
విల్సన్ గార్డెన్‌కు క్యాబ్ ఎక్కాను.
భుజం మీదుగా బెల్టు లాగాను,
నాలుక చేతిలో ఉంది, నోరు దొరకలేదు.
సీటంతా తడిమాను, నున్నటి రెక్సిన్.
వేలి చివర కుట్టు తగిలింది.
అంగుళానికి ఏడు.

చొక్కా జేబులో, బీడీ కట్ట కాగితంలో చుట్టిన
సగం బ్లేడు ఎప్పుడూ ఉంటుంది.
డ్రైవర్ అద్దంలోంచి చూసి
బండి పక్కకు ఆపాడు.
"ఏన్ మాడ్తిద్దీర సార్?"

"కాజా" అన్నాను,
మొదటి కుట్టు కోస్తూ.