జట్టులో మెడిక్ లేడు

తాడిపత్రిలో, పుట్లూరు రోడ్డు మీద
పంక్చర్ షాపు పైన రేకుల గది.
ఆరు కంప్యూటర్లు, నాలుగు పనిచేస్తాయి.
గంటకు ఇరవై.
కరెంటు పోతే పోయిన నిమిషాలు
గోరీబీ బలపంతో గోడ మీద రాసి పెడుతుంది,
ఓడిన ఆట మాత్రం రాయదు.

పది దాటితే మేం నలుగురం.
తెర అడుగుతుంది: నువ్వెవరు?
ఎనిమిది క్షణాల్లో చెప్పాల.
బయట మమ్మల్ని ఇంత మర్యాదగా
ఎవురూ అడిగింది లేదు.

ఓబులయ్య స్నైపరు.
పొద్దంతా నాపరాళ్లు మోసి
పాలిష్ మిషను కాడ పిండిబొమ్మలాగ తయారై వచ్చేవాడు
ఇక్కడ నీళ్లట్యాంకు ఎక్కి బోర్లా పండుకుంటాడు.
కదలడు. చానాసార్లు కాల్చడు కూడా.
"ఒరే, శత్రువు నీ ముందే పాయె గదరా" అంటే
"పోనీలేప్పా, యాడికో పనిమీద పోతాంటాడు" అంటాడు.

మద్దిలేటిది పెద్ద మిషన్‌గన్.
మాట మొదలుపెడితే మొదటి అక్షరం మీదే
బురదలో బండిచక్రంలాగ దిగబడిపోయేవాడు.
ఆ తుపాకీ కూడా ఒకే అక్షరాన్ని
రెండు వందల సార్లు అంటాది.
దాన్ని చూసి ఎవురూ నవ్వరు,
గోడ చాటుకు దూరతారు.

దస్తగిరి ఇంజనీరు. టైలరు వాడు.
కాలిపోతాండే జీపు పక్కన గొంతుకూర్చోని
రెంచీతో తడుతుంటాడు,
చినిగిన కాలరు తిప్పి కుట్టేంత నిదానంగా.
గుండ్లు నెత్తిమీద పోతాంటే
"ఉండండప్పా, అయిపోవచ్చె."

నేను అసాల్టు.
ఎదురుగా ఉరుకు, పేల్చు, చావు.
కొంచెం సేపు నల్లతెర. మళ్లీ పుట్టు.

జట్టులో మెడిక్ లేడు.
ముగ్గురూ నా దిక్కు చూస్తారు.
నేను కీబోర్డులో ఊడిపోయిన అక్షరం దిక్కు చూస్తా.
పగలంతా నూటెనిమిది బండిలో చేసేది అదే గదా.
గుత్తి రోడ్డు, మలుపు, లారీ కింద ఒంటి చెప్పు.
చెయ్యి మీద చెయ్యి పెట్టి
ముప్పై ఒత్తులు, రెండు ఊపిర్లు,
ముప్పై ఒత్తులు,
ఆస్పత్రి గేటు దాకా లెక్క తప్పకుండా.
లోపల ఎవరో గడియారం చూస్తారు.
ఆ లెక్కను రాత్రికి గూడా ఎట్ల మోసుకోని రావాల?

అందుకే ఓడిపోతాం. వరసగా పదకొండు రాత్రులు.
ధర్మవరం పిల్లకాయలు హెడ్‌ఫోన్లో వెక్కిరించిరి:
"మీది ఆస్పత్రి లేని ఊరా అన్నా?"

నిన్న మధ్యాహ్నం ఒకాయన.
పేరు తెలీదు. టమేటాల సంచి ఒళ్లోనే ఉండె.
బండి గుంతలో పడినప్పుడల్లా ఒక పండు
స్ట్రెచరు కింద దొర్లి
నా బూటుకు తగిలి ఆగేది.
లెక్క యాడిదాకా పోయిందో గుర్తు లేదు.

రాత్రి తెర అడిగింది.
ఏడో క్షణంలో నా వేలు
తెల్ల పెట్టె మీద, ఎర్ర గుర్తు మీద పడింది.
ఎవురూ ఏమీ అనలేదు.
మద్దిలేటి "మె... మె..." అని వదిలేసినాడు.

ఆట సగంలో ఓబులయ్య పడిపోయినాడు,
నీళ్లట్యాంకు మీదనే, పండుకున్నోడు పండుకున్నట్టే.
పొగ విసిరినా. ఉరికినా.
వెనక మద్దిలేటి తుపాకీ
ఆగకుండా, ఒక్కసారి గూడా తడబడకుండా.
నిచ్చెన. పైన శవం మీద మినుకుమినుకుమనే గుర్తు.
మీట నొక్కి పట్టుకోవాల, ఐదు క్షణాలు.
ఆ దేశంలో ఐదే.
ఒకటి. రెండు.
చుట్టు నిండతాంది.
నాలుగు.

లేసినాడు!
తుపాకీతో సహా లేసి నిలబడినాడు.
పక్క కుర్చీలోనించి గొంతు:
"ఎందుకు లేపితివిరా నన్ను,
సుఖంగా పండుకోనుంటి."
తిరిగి చూస్తి.
కనురెప్పల మీద ఇంకా రాతిపొడి,
నోరంతా నవ్వు.

రెండు పాయింట్లతో మళ్లీ ఓడిపోతిమి.
పొద్దున ఉగ్గాని, బజ్జి నీదే అని
దస్తగిరి నా లెక్కలో రాసినాడు.
గోరీబీ లైటు ఆర్పింది.
చీకట్లో మెట్లు దిగతా ఓబులయ్య
ముందుకే చూస్తా అన్నాడు:
"రేపు గూడా నేను ట్యాంకు మీదనే."

"ముప్పై మెట్లున్నాయిరా ఆ నిచ్చెనకు," అన్నా.
"లెక్కపెట్టినా."