చిత్తం

గోడమీద శాసనం పడ్డ మర్నాడు
రొట్టెల కొట్టు యూగ్రాఫియోస్
"ఒకటా, రెండా?" అని అడిగి నాలుక కరుచుకున్నాడు.
వరసలో ఉన్నవాళ్లం ఎవరం నవ్వలేదు.
నేను వేళ్లు చూపించాను.
ఎన్ని వేళ్లో ఇక్కడ రాయను.

క్రీస్తులో చిత్తం ఒకటని గానీ రెండని గానీ
కాన్‌స్టాంటినోపుల్‌లో ఇకమీదట ఎవరూ అనకూడదు.
బిషప్పు అంటే పీఠం పోతుంది,
సన్యాసి అంటే మఠం పోతుంది,
కొలువున్నవాడికి కొలువు,
ఏమీ లేనివాడికి
వీపు ఉండనే ఉంది.

నేను శస్త్రవైద్యుణ్ణి.
పీఠాల సంగతి నాకు పట్టదు.
కత్తి కింద మనిషి ఎలా ఉంటాడో మాత్రం తెలుసు.

నిరుడు చలికాలం
రేవులో తాళ్లు పేనే ట్రైఫోన్ కాల్లో
తుప్పు మేకు దిగి పాదమంతా నల్లబడింది.
చీలమండ దాటకముందే తీసెయ్యాలన్నాను.
ఒక్క రాత్రి గడువు అడిగాడు.
తెల్లారేసరికి తల దువ్వుకుని
పెళ్లికొచ్చినవాడిలా వచ్చి
బల్లమీద తనే ఎక్కి పడుకున్నాడు.
"కట్టెయ్యొద్దు. ఒప్పుకున్నాను కదా."

నిజంగానే ఒప్పుకున్నాడు.
ముప్పై ఏళ్లలో అంత తేటైన ఒప్పుకోలు నేను చూళ్లేదు.
అయినా ఇనుము చల్లగా తగలగానే
ఆ కాలు తనంతట తాను వెనక్కి లాక్కుంది,
నీళ్లు తగిలిన పిల్లి పంజాలా.
వాడు సిగ్గుపడ్డాడు.
"దానికింకా తెలియలేదయ్యా" అన్నాడు,
బడికి వెళ్లనని మొరాయించే చిన్నకొడుకు గురించి చెప్పినట్టు.
తొడమీద చెయ్యేసి తనే ముందుకు జరిపాడు.
మళ్లీ లాక్కుంది.
మళ్లీ జరిపాడు.
దీపం పట్టుకున్న ఆంథూసా మొహం తిప్పుకుంది.

ఆ కాలు తప్పు చేసిందా?
బతకాలనుకోవడం దాని పని.
వెనక్కి లాక్కోని కాలు ఎప్పుడో చచ్చిన కాలు;
దాన్ని ఇవ్వడానికి ధైర్యం ఎందుకు?

అందుకే ఆ రాత్రి తోట గురించి పండితులు వాదించుకుంటుంటే
నాకు ఒలీవ చెట్లు కనిపించవు.
చెమట కనిపిస్తుంది.
పై పెదవి మీద మొదలవుతుంది అది,
నేను తుడిచాను ఎన్నోసార్లు.
గిన్నె వద్దన్నప్పుడు ఆయన నటించలేదు.
చెయ్యి చాచినప్పుడూ నటించలేదు.
ఇద్దరు కారు, ఒక్కడే,
మోకాళ్లకింద రాయి ఒత్తుకుంటున్న ఒక్కడే.
ఇంతకు మించి నాకు రాదు.

నిన్న పటేరియోస్ వచ్చాడు, ఇద్దరు భటులతో.
శాసనం సబబేనా అని అడగలేదు.
నోరెత్తనని రాసిచ్చి వేలిముద్ర వెయ్యమన్నాడు.
తలొంచి "చిత్తం" అన్నాను.
మనం పెద్దల ముందు అనే మాటే,
దొర గుమ్మంలో ఊపిరి వదిలినంత తేలిగ్గా.
ఎవరి చిత్తం?
వేలు సిరా దాకా వెళ్లి
ఒక్కసారి వెనక్కి లాక్కుంది.
చూస్తూ ఉండిపోయాను.
జరిపింది నేనే.
అప్పట్నుంచీ తేల్చుకోలేకపోతున్నాను,
ఈసారి ఏది కాలో, ఏది మనిషో.

ఇవాళ పొద్దున రొట్టెల వరసలో
నాకు ముందు ట్రైఫోన్, కర్రకాలు మీద.
వాడి వంతు వచ్చింది.
"రెండు!" అన్నాడు, వీధి చివరికి వినపడేలా.
యూగ్రాఫియోస్ చెయ్యి గాల్లో ఆగింది.
"ఏం? ఇంట్లో తినేవాళ్లం ఇద్దరం."

వెళ్తూ వెళ్తూ నా దగ్గర ఆగి,
వేడి రొట్టె ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చుకుంటూ,
గొంతు తగ్గించి అడిగాడు:
తీసేసి ఏడాదైంది కదయ్యా,
ఆ బొటనవేలు రాత్రిళ్లు ఇంకా దురద పెడుతోంది,
ఎక్కడ గోక్కోను?