తలుపు ఇంకా ఆరలేదు

మూడు లాంతర్ల దగ్గర, మందుల షాపు మీద, రెండో అంతస్తులో
నాలుగేళ్ల నుంచీ నేనొక తలుపు చేస్తున్నాను.
వడ్రంగిని కాను.
చేతికి రంపపుపొట్టు అంటదు, ఉలి తగలదు.
మౌస్ పట్టిన మణికట్టు మాత్రం
తెల్లారేసరికి తుప్పు పట్టిన బందులా కిర్రుమంటుంది.

ఏ ఆటకో చెప్పకూడదు. సంతకం పెట్టాను.
అమ్మకి "కంప్యూటర్లో తలుపులు" అన్నాను.
"కిటికీలు కూడానా?" అంది.
కిటికీలు వేరే దేశంలో ఎవరో చేస్తున్నారు.
వాళ్లని నేనెప్పుడూ చూడలేదు.
వాళ్ల గాలి మాత్రం వచ్చి నా తలుపుని కొడుతుంది.

మొదటి భాగం ఆడింది తవిటప్పన్న పార్లర్లో.
గంటకి ఇరవై. కరెంటు పోతే ఆ నిమిషాలు మన ఖాతాలో.
చివర్లో వాడు ఒళ్లంతా గాయాలతో, వానలో,
ఒక తలుపు ముందు నిలబడతాడు.
చెయ్యి వేస్తాడు.
తెర నల్లబడుతుంది.
తవిటప్పన్న లేచొచ్చి మానిటర్ నెత్తి మీద ఒక్కటి చరిచాడు.
"ఇదేట్రా! తలుపెనక ఏటుందో సెప్పకుండా మూసీసారు!"
ఆ తర్వాత బజార్లో కనపడ్డ ప్రతిసారీ అదే మాట:
"ఒచ్చిందేటి, రెండోది?"

అప్పుడా తలుపు ఒట్టి బొమ్మ,
గోడకి తగిలించిన కేలండర్ లాంటిది.
దాని వెనక ఏముందో ఇప్పుడు నాకు తెలుసు.
ఏమీ లేదు. నేల కూడా లేదు.

ఇప్పటి తలుపుకి చెక్కలో చార ఉండాలి.
చారలో దుమ్ము, దుమ్ములో తడి.
తోస్తే ఒక చప్పుడు, తంతే ఒకటి,
వాన పడ్డ మర్నాడు ఉబ్బిపోయి ఇంకోలా మూలగాలి.
కుక్క దూరితే?
నిప్పు పెడితే ఏ మూల నుంచి కాలాలి?
అసలు తలుపే తియ్యకుండా
మెట్ల మీద కూర్చుని వాన చూసేవాడు ఒకడుంటాడు ఎక్కడో.
వాడి కోసం పదకొండు వారాలు పనిచేశాం.

రెండో ఏడు ఇంజిన్ మార్చారు.
కొత్త వెలుతురులో నా తలుపు ప్లాస్టిక్ బకెట్‌లా మెరిసింది.
మళ్లీ మొదట్నుంచి.
మూడో ఏడు కథ మార్చారు, తలుపు లోపలికి కాదు, బయటికి తెరుచుకోవాలట.
మొన్న ఫిబ్రవరిలో మెయిల్ వచ్చింది:
కిటికీల వాళ్లు ఇక లేరు.
గాలి అలాగే కొడుతోంది.

కింద పునుగుల బండి దగ్గర కుర్రాళ్లు.
"తొమ్మిదేళ్లేట్రా! తొంగున్నారేటి ఆళ్లు?"
"తొంగునుంటారు," అన్నాను.
వేడి పునుగు. నాలిక కాలింది.

తవిటప్పన్న పోయినేడు పోయాడు.
పార్లర్ ఉన్న ఇల్లు పడగొడుతున్నారంటే వెళ్లాను.
తలుపు ఊడదీసి గోడకి ఆనించారు, అమ్మకానికి.
ఫోన్లో నూట అరవై ఫోటోలు తీశాను,
కూలీలు పని ఆపి చూశారు, చావు ఫోటోలు తీస్తున్నట్టు.
ఆ చెక్కే ఇప్పుడు నా తలుపుకి చర్మం.
అంచున పసుపు,
గంటల లెక్క రాసిన సుద్ద గీతలు,
ఇంటర్లో మేం తాళంచెవితో గీకిన పేర్లు.

పై నుంచి ఎర్ర గుర్తులతో తిరిగొచ్చింది.
ఆ ఊళ్లో పసుపు ఉండదు, తీసెయ్యండి.
ఈ అక్షరాలేమిటి, తీసెయ్యండి.
తీసేశాను. పేర్లు తియ్యడానికి ఒక పూట పట్టింది.
నిమ్మకాయా మిరపకాయలూ కట్టిన మేకు
పైన, మధ్యలో, కాస్త వంగి.
దాని గురించి ఎవరూ అడగలేదు.

అర్ధరాత్రి ఇంటికొస్తే పక్కింటి జశ్వంత్,
ఉక్కకి నిద్రపట్టక అరుగు మీద.
పదేళ్లు వాడికి. మొదటిది వచ్చినప్పుడు నడక రాలేదు.
"అన్నా, నువ్వు కంప్యూటర్ల పనే కదా,
ఎప్పుడొస్తాదన్నా రెండోది?"
చెప్పకూడదు. చెబుదామన్నా నాకు తెలీదు.
"తలుపుకి రంగేశార్రా," అన్నాను. "ఇంకా ఆరలేదు."
వాడు నవ్వలేదు.
ఆకాశం వంక ఓసారి చూసి,
"వానాకాలం గదేటి," అన్నాడు.