వెనక పట్టిన అద్దం

ఆయన స్పానిష్ కంటే ముందే మా కెచువా నేర్చుకున్నాడట.
'ట' అంటున్నాను, అప్పటికి నేను పుట్టలేదు.
మా భాషలో కళ్ళారా చూసినదానికి చివర ఒక 'మి',
చెవిన పడ్డదానికి ఒక 'సి'.
ఆ తోక లేకుండా మాట్లాడేవాణ్ణి
అయకూచో సంతలో ఎవరూ నమ్మరు,
అప్పూ ఇవ్వరు.

తోకుమత్సు ఆయన పేరు.
కుమమోతో నుంచి వచ్చి ఓడ దిగి, చెరకు తోటల్లో రెండేళ్ళు నడుం వంచి,
కొండెక్కి మా వీధిలో మంగలి కుర్చీ వేశాడట.
గుమ్మం పక్కనే మా అమ్మ బసీలియా
ఉడికించిన మొక్కజొన్న అమ్మేదట.

స్పానిష్ నోరు తెరవగానే పనేమిటో చెప్పేస్తుంది.
దేన్ని, దేనితో, ఎక్కడ అన్నవి
తర్వాత తోసుకుంటూ వస్తాయి.
అమ్మ మాట అలా కాదు:
"మొన్న కొన్న నా చిన్న కత్తిని నీ సానరాయి మీద..."
ఆయన కత్తెర గాల్లో ఆపి
క్రియ కోసం కాచుకునేవాడు.
ఎక్కడ కాచుకోవాలో తెలిసినవాడికి
సగం భాష వచ్చినట్టే.

ఇల్లు, ఇంట్లో, ఇంట్లోంచి, ఇంట్లోంచే కాబోలు...
రెండు భాషలదీ ఒకటే దారం అనుకున్నాడు.
పూసలు మాత్రం వేరు.
'సర' అంటే అమ్మకు మొక్కజొన్న, ఆయనకు పళ్ళెం.
ఆమె పళ్ళెంలో కండె పెట్టి "సర" అందట,
ఆయన పళ్ళెం తట్టి "సర" అన్నాడట,
ఇద్దరూ తామే గెలిచామనుకున్నారు.
గడ్డం గీస్తూ, నోరు మూయమని, "కుచి, కుచి" అన్నాడట ఒకసారి.
మేయరు తమ్ముడు సబ్బు నురగతోనే లేచిపోయాడు.
కుచి అంటే మా దగ్గర పంది.

కాదన్న మాట మాకు ముందే వస్తుంది.
ఆయన భాషలో అది ఆఖరి దాకా దాక్కుంటుంది.
అందుకే "నిన్ను పెళ్ళి చేసుకోవాలని నాకు..." అని
ఆయన ఊపిరి తీసుకున్నప్పుడు
అమ్మ గంప కింద పెట్టేసిందట.

ఒకటి మాత్రం ఎవరూ ఎవరికీ నేర్పలేదు:
జరిగిపోయింది ముందుంటుంది, ముఖానికెదురుగా.
రాబోయేది వీపు వెనక.
రెండు భాషల్లోనూ అంతే.
కత్తిరించడం అయ్యాక చిన్న అద్దం
మెడ వెనక పట్టి చూపిస్తూ
"ఇదుగో నీ రేపు" అనేవాడట.

ఎంతకీ పట్టుబడనిది 'మనం'.
మాకు రెండున్నాయి.
న్యొఖాంచిక్ అంటే నువ్వూ కలిసిన మనం,
న్యొఖైకు అంటే నిన్ను వాకిట్లో నిలబెట్టిన మేము.
ఆయన భాషలో అందరికీ ఒకటే గొడుగు,
ఎవరు తడుస్తున్నారో చెప్పదు.
అమ్మతోనే "మేము అన్నం తిందాం" అనేవాడు.
ఆమె నవ్వి, "సరే, మీరు తినండి" అనేది.

నలభై మూడు, జనవరి.
ఇద్దరు పోలీసులు.
కుర్చీలో సగం గడ్డంతో ఒక మనిషి.
జపాన్ వాళ్ళందరినీ ఓడెక్కించి
ఎక్కడో ఎడారిలో కంచె వెనక పెడతారట.
ఆయన్ని తీసుకెళ్ళడం అమ్మ 'మి'తో చెప్పేది.
నేనూ అక్కడే ఉన్నానుగా, నీ కడుపులో,
నేనూ 'మి' అనొచ్చా అని అడిగాను.
"అప్పటికి చెవులొచ్చి ఉంటాయి" అంది, "'సి' వాడుకో."

ఆరేళ్ళకు ఉత్తరం వచ్చింది.
ఇది నేను చూశాను. మి.
జపాన్ అక్షరాల్లో కెచువా.
అమ్మకు చదువు రాదు.
లీమా నుంచి వచ్చి ఇస్త్రీ దుకాణం పెట్టిన ముసలి జపాను ఆయనకు కెచువా రాదు.
ప్రతి హల్లుకీ ఒక అచ్చు అంటించుకుంటూ
ఆయన చదివాడు, అమ్మ విన్నది.
అల్లం మొలకల గురించి, వాన గురించి,
చివర: "ఇక్కడ న్యొఖైకు బాగున్నాం."

మేము.

పాత తప్పో, కొత్త సంసారమో.
అమ్మ దానికి 'మి' తగిలించలేదు, 'సి' తగిలించలేదు.
ఊహకి మా దగ్గర 'చా' ఉంది, అదీ లేదు.
ఆ ఒక్క ముక్క మళ్ళీ చదవమంది.
ఇస్త్రీ ఆయన కళ్ళజోడు తుడుచుకుని
అర్థం తెలియనివాడికుండే జాగ్రత్తతో
మళ్ళీ చదివాడు.